వృద్ధి, నిరుద్యోగం: చివరి అంకె మీద తీర్పులు వద్దు

సంపాదకుల వారికి,

నమస్కారం. జీడీపీ అంకె వచ్చిన మర్నాడు మొదటి పేజీలో బాణం పైకో కిందికో గీసి వార్త వేయడం, నెల మధ్యలో నిరుద్యోగ రేటు వెలువడగానే అర శాతం తేడాకే ‘ఉద్యోగాలు ఆవిరి’ అనో ‘నిరుద్యోగానికి కళ్లెం’ అనో శీర్షిక పెట్టడం అన్ని పత్రికలతో పాటు మీ పత్రికకూ అలవాటైంది. విశాఖలో ఆర్థిక గణాంకాలు బోధించే మేము కొందరం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. మా అభ్యంతరం ఒక్కటే. అంకెల వరుసలో దీర్ఘకాల ధోరణి ఏది, దాని చుట్టూ ఎగుడుదిగుడుగా తిరిగే చక్రం (మధ్యమధ్య వచ్చే ఊపు, మందగమనం) ఏది అని విడదీసే పద్ధతులు చాలానే ఉన్నాయి. అవన్నీ అతి బలహీనంగా ఉండేది వరుస చివర్లోనే. పత్రికలు తీర్పు చెప్పేదీ సరిగ్గా ఆ చివరి అంకె మీదే. ఆ తీర్పులు చదివి మన ఊళ్లో కుర్రాళ్లు కోర్సులు ఎంచుకుంటున్నారు, ఆటోనగర్ వర్క్‌షాపుల వాళ్లు అప్పు తేవాలా వద్దా అని తేల్చుకుంటున్నారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం, నిడివికి మన్నించండి.

ముందు వృద్ధి రేటు సంగతి. జాతీయ గణాంక కార్యాలయం ప్రతి త్రైమాసికం జీడీపీని కిందటేడు అదే త్రైమాసికంతో పోల్చి శాతం చెబుతుంది. పైనున్న అంకె పెరిగినా ఆ శాతం పెరుగుతుంది, కిందున్న అంకె తగ్గినా పెరుగుతుంది. 2021 ఆగస్టు 31న వెలువడిన లెక్క చూడండి. 2011-12 ధరల్లో 2020 ఏప్రిల్–జూన్ జీడీపీ 26.95 లక్షల కోట్ల రూపాయలు, 2021 ఏప్రిల్–జూన్‌లో 32.38 లక్షల కోట్లు. వృద్ధి 20.1 శాతం అని దేశమంతా శీర్షికలొచ్చాయి. కానీ అంతకు ముందటేడు, 2019 ఏప్రిల్–జూన్‌లో అది 35.6 లక్షల కోట్ల పైచిలుకు. 20 శాతం పెరిగాక కూడా రెండేళ్ల కిందటి మట్టానికి ఇంకా 9 శాతం కిందే ఉన్నామన్నమాట. 24.4 శాతం పడి 20.1 శాతం లేస్తే 4.3 శాతం లోటే మిగిలింది అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. 100లో 75.6 మిగిలింది. దాని మీద 20.1 శాతం కలిపితే వచ్చేది 90.8. ఈ చిక్కు పడకుండా ఉండాలంటే శాతాన్ని పక్కన పెట్టి కోట్ల రూపాయల మట్టాన్నే తీసుకుని, దానికి లాగరిథమ్ (గుణకారాన్ని కూడికగా మార్చే గణిత కొలత) కట్టి పని మొదలుపెట్టాలి. లాగరిథమ్‌లో పడడానికీ లేవడానికీ కొలత ఒక్కటే: నూరుతో గుణించి చెబితే పడింది సుమారు 28, లేచింది 18.3, ఇంకా లేవాల్సింది 9.7.

ఏడాది మీద ఏడాది పోల్చే శాతానికి ఇంకో లోపం ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అది నాలుగు త్రైమాసికాల పెరుగుదల మొత్తం కనుక మలుపును ఆలస్యంగా చూపిస్తుంది. సీజన్ ప్రభావం లేని ఆర్థిక వ్యవస్థ ఒకటి మూడు నెలలకు 2 శాతం చొప్పున పెరుగుతోందనుకోండి. పత్రికలో వచ్చే వృద్ధి రేటు 8.2 శాతం. ఒక త్రైమాసికంలో పెరుగుదల ఒక్కసారిగా సున్నా అయింది. ఆ త్రైమాసికానికి వార్తలో వచ్చే అంకె 6.1. తర్వాత 4.0, ఆ తర్వాత 2.0. చక్రం ఆగి ఏడాది నిండితే గానీ సున్నా కనబడదు. ఆగిన మొదటి మూడు నెలలకు ‘6 శాతం దాటిన వృద్ధి’ అని వార్త వస్తుంది. అది అబద్ధం కాదు. కానీ అప్పటికే కొత్త ఆర్డర్లు లేక షెడ్లు ఖాళీగా ఉంటాయి.

పోనీ, వెంటనే ముందున్న త్రైమాసికంతో పోలుద్దామంటే సీజన్ అడ్డొస్తుంది. 2024 జనవరి–మార్చి జీడీపీని మొదట 47.24 లక్షల కోట్లుగా ప్రకటించారు. ఆ వెంటనే ఏప్రిల్–జూన్‌కు ప్రకటించింది 43.64 లక్షల కోట్లు. మూడు నెలల్లో 7.6 శాతం తగ్గుదల. ఇది మాంద్యం కానే కాదు, ఏటా జరిగేదే. రబీ పంట చేతికి రావడం, ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా బిల్లులు తెగడం, పనులు ముగించే హడావిడి జనవరి–మార్చి మీద పడతాయి. ఎండలు ముదిరి పనులు నెమ్మదించేది తర్వాతి మూడు నెలల్లో. మన ఫిషింగ్ హార్బరే తీసుకోండి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలు వేటకు పోవు. ఐస్ ఫ్యాక్టరీ దగ్గర్నుంచి వలలు అల్లేవాళ్ల దాకా ఆ రెండు నెలల లెక్క వేరు. దాన్ని ముందు తీసేయాలి, తర్వాతే చక్రం సంగతి.

తీసేయడానికి అమెరికా జనగణన సంస్థ తయారుచేసిన ఎక్స్-13 అరిమా-సీట్స్ అనే ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది. అయితే దానికి ఈస్టర్ తెలుసు, మన పంచాంగం తెలియదు. సంక్రాంతితో ఇబ్బంది లేదు, అది ఎప్పుడూ జనవరి నడిమిలోనే. దీపావళి అలా కాదు: 2023లో నవంబరు 12, 2024లో అక్టోబరు 31, 2025లో అక్టోబరు 20. ఈ జరుగుడును మనమే ఒక కాలమ్‌గా రాసివ్వాలి. పండగకు ముందు 20 రోజులు కొనుగోళ్లు ఎక్కువని పెట్టుకుంటే, 2023లో ఆ 20 రోజుల్లో 9 అక్టోబరులో, 11 నవంబరులో పడ్డాయి. కనుక ఆ నెలలకు 0.45, 0.55 అని వేయాలి. 2024లో ఇరవైకి ఇరవై అక్టోబరువే, అంటే 1. 2025లో సెప్టెంబరుకు 0.05, అక్టోబరుకు 0.95. ఇలా పదిహేనేళ్లకు వేసి, ఒక్కో నెలకు దాని సగటును అందులోంచి తీసేశాక ప్రోగ్రామ్‌కు ఇవ్వాలి. సగటు తీయకుండా ఇస్తే సీజన్ ప్రభావం రెండు చోట్లకు చీలిపోయి రెండూ తప్పుతాయి. అధిక మాసానికీ ఇదే పని. 2023లో అధిక శ్రావణం జూలై 18న మొదలై ఆగస్టు 16 దాకా నడిచింది. పెళ్లిళ్లు, బంగారం, బట్టల కొనుగోళ్లు నిజ శ్రావణానికి జరిగాయి. ఆ ఏడాది ఆగస్టు మొదటి సగంలో షాపులు వెలవెలబోతే అది చక్రం దిగుతున్న గుర్తు కాదు, పంచాంగం. 2026లో అధిక జ్యేష్ఠం వస్తుంది కాబట్టి మే, జూన్ అంకెలతోనూ జాగ్రత్త అవసరం.

సీజన్ తీశాక మిగిలిన గీతలోంచి ధోరణిని లాగడం అసలు కష్టం. ఎక్కువ మంది వాడేది హోడ్రిక్–ప్రెస్కాట్ ఫిల్టర్. హార్బరులో పడవ కట్టేటప్పుడు సన్నటి చెక్క బద్దను ఆకుల (పడవకు పక్కటెముకల్లాంటి చెక్కల) మీదుగా వంచి మేకులు కొడతారే, అచ్చం అలాంటిదే ఇది. మేకులు మన అంకెలు, బద్ద ధోరణి. బద్ద ఎంత బిరుసుగా ఉండాలో చెప్పే అంకె పేరు లామ్డా. త్రైమాసిక లెక్కలకు 1600 పెడతారు. ఏడాది లెక్కలకు చాలామంది 100 పెడతారు గానీ, త్రైమాసిక 1600కు సరితూగేది 6.25. ఏడాది లెక్కలకు 1600 అలాగే వదిలేస్తే గీత దాదాపు తిన్నగా వస్తుంది, ప్రతి చిన్న వంకా చక్రంగా కనిపిస్తుంది. ఈ తప్పు ప్రాజెక్టు రిపోర్టుల్లో తరచూ దొర్లుతుంటుంది.

బద్ద నడుమ భాగానికి రెండు వైపులా మేకులుంటాయి. చివరి కొసకు ఒకవైపే. లామ్డా 1600 ఉన్నప్పుడు వరుస మధ్యలో ఒక త్రైమాసికపు ధోరణిలో ఆ త్రైమాసికపు అంకెకు ఉండే బరువు సుమారు 5.6 శాతం. వరుస చివర్లో అదే బరువు 20 శాతం. మూడున్నర రెట్లు! 2020 ఏప్రిల్–జూన్ అంకె రాగానే ఎవరైనా ఈ ఫిల్టర్ వేసి ఉంటే ఏమయ్యేదో లెక్క కట్టండి. లాగరిథమ్‌లో 28 పడిన అంకెలో ఐదో వంతు, అంటే సుమారు 5.6 పాయింట్లు, నేరుగా ధోరణిలోకి వెళ్లిపోతుంది. దేశం శాశ్వతంగా తయారుచేయగల శక్తే మూడు నెలల్లో 5 శాతానికి పైగా తగ్గిపోయిందని లెక్క చెబుతుంది. ఫ్యాక్టరీలు అక్కడే ఉన్నాయి, మనుషులు అక్కడే ఉన్నారు, లాక్‌డౌన్‌లో తలుపులు మాత్రమే మూశారు. అంతటితో ఆగదు. కొస కిందికి వంగితే దాని వెనకున్న భాగమూ కిందికి జారుతుంది కాబట్టి 2018, 2019లో దేశం స్తోమతకు మించి ఉరకలెత్తిందని కూడా అదే లెక్క తేలుస్తుంది. వాస్తవానికి 2019-20 మందగమనపు ఏడాది. ఒక అంకె కలిపితే గతం కూడా మారిపోయే లెక్క ఇది. అమెరికా అంకెల మీద ఓర్ఫనిడెస్, వాన్ నోర్డెన్ అనే ఆర్థికవేత్తలు 2002లో చేసిన పరిశీలన ఇంకా గట్టిగా చెప్పింది: అప్పటికప్పుడు వేసిన ఉత్పత్తి లోటు (అసలు ఉత్పత్తికీ ధోరణికీ మధ్య తేడా) అంచనాకు, ఏళ్ల తర్వాత అదే త్రైమాసికానికి వేసిన అంచనాకు మధ్య తేడా ఆ లోటు అంత ఉంది. తేడాలో ఎక్కువ భాగం అంకెల సవరణ వల్ల వచ్చింది కాదు, కొస దగ్గర ధోరణి నిలకడగా లేకపోవడం వల్లే.

దీనికి మందు లేకపోలేదు, పూర్తిగా నయం చేసేది మాత్రం లేదు. లాక్‌డౌన్ త్రైమాసికాలను అంకె లేని ఖాళీలుగా వదిలేసి కాల్మన్ ఫిల్టర్‌తో (ఖాళీలున్నా అంచనా కట్టుకుంటూ సాగే లెక్కతో) నడిపితే ధోరణి వాటి మీదుగా సాఫీగా సాగుతుంది. మేము విద్యార్థులకు ముందుగా చెప్పేది ఇదే. రెండోది, వరుస చివర ఎనిమిది నుంచి పన్నెండు త్రైమాసికాలు అంచనా వేసి అతికించి, అప్పుడు ఫిల్టర్ వేసి, అతికించిన భాగాన్ని కత్తిరించి పారేయడం. అంచనా తప్పితే ధోరణీ తప్పుతుంది, కానీ తప్పు ఎక్కడుందో కనబడుతుంది. బాక్స్టర్–కింగ్ పద్ధతి మరీ నిక్కచ్చి: ఆరు నుంచి 32 త్రైమాసికాల నిడివి ఉన్న ఊపులనే చక్రంగా పట్టుకుని, మొదట్లో 12, చివర్లో 12 త్రైమాసికాలకు జవాబే చెప్పదు. పత్రికకు ఆ మౌనం నచ్చదు గానీ, లెక్కగా అది నిజాయతీ. 2011-12 ఆధార సంవత్సరపు (ఆ ఏటి ధరల్లో లెక్క కట్టిన) శ్రేణిలో 2025 మార్చి వరకు ఉన్నవే 56 త్రైమాసికాలు. 24 పోతే 32. ఎనిమిదేళ్ల చక్రం ఒకటి పట్టేంత మేర అంతే. ఒక్క చక్రం చూసి ‘మన దేశపు చక్రం సగటున ఇన్నేళ్లు’ అని చెప్పేవాళ్ల మాట నమ్మకండి.

హామిల్టన్ అనే అమెరికా ఆర్థికవేత్త 2018లో హోడ్రిక్–ప్రెస్కాట్‌ను వాడనే వద్దని వాదించి, బదులుగా తేలికైన పద్ధతి చెప్పాడు. నేటి అంకెను ఎనిమిది త్రైమాసికాల కిందటి అంకె, దాని ముందు మూడు అంకెలతో రిగ్రెషన్ (పాత అంకెల నుంచి కొత్తదాన్ని అంచనా కట్టే లెక్క) వేయి, మిగిలిందే చక్రం అన్నాడు. చేయడం సులువే, ఎక్సెల్‌లో ఐదు కాలమ్‌లు చాలు. మొదట్లో 11 త్రైమాసికాలు పోయి 45 మిగులుతాయి. కానీ దీనికో ప్రతిధ్వని రోగం ఉంది. 2020 జూన్ త్రైమాసికం పాతాళంలో ఉంది కనుక సరిగ్గా ఎనిమిది త్రైమాసికాల తర్వాత, 2022 జూన్‌కు, ఈ పద్ధతి చాలా తక్కువ అంకెను ఆశిస్తుంది. వచ్చిన మామూలు అంకే దానికి మహా విజృంభణలా కనిపిస్తుంది. అక్కడ లేని ఉప్పెనను చూసి కారణాలు రాయబోతారు. 2020 జూన్ అంకెను ముందే సరిచేయకుండా ఈ ఫలితాన్ని వాడొద్దు.

ఏ ఫిల్టరూ లేకుండా ఊరికే కదిలే సగటు (పక్కపక్క అంకెలకు వరుసగా వేసే సగటు) వేసుకుంటే పోదా అంటారు కొందరు. స్లట్‌స్కీ అనే రష్యన్ ఆర్థికవేత్త 1927లోనే దీన్ని పరీక్షించాడు. లాటరీలో వచ్చిన యాదృచ్ఛిక అంకెలు తీసుకుని కదిలే సగటులు వేస్తే అచ్చం వ్యాపార చక్రాల్లాంటి అలలు లేచాయి. లాటరీ అంకెల్లో చక్రం ఎక్కడుంటుంది? ఉన్నదల్లా సగటు వేసిన చేతిలో ఉంది. కాబట్టి రెండు మూడు వేర్వేరు పద్ధతులతో వేసి, అన్నిటిలోనూ ఒకే వైపు చూపినప్పుడే చక్రం గురించి మాట్లాడాలి.

ఇదంతా అంకెలు సరైనవనుకుంటే. అంకెలే మారతాయి. 2023-24 జీడీపీ వృద్ధి మొదటి ముందస్తు అంచనాలో 7.3 శాతం. 2024 ఫిబ్రవరి చివర్లో 7.6. మే నెలాఖరు తాత్కాలిక అంచనాలో 8.2. 2025 ఫిబ్రవరిలో మొదటి సవరణ తర్వాత 9.2. ఏడాది తిరక్కుండా మొదలైన అంచనా పద్నాలుగు నెలల్లో దాదాపు రెండు పాయింట్లు జరిగింది. ఇందులో కుట్ర ఏమీ లేదు. కంపెనీల పద్దులు, పంటల తుది దిగుబడి, రాష్ట్రాల ఖర్చుల వివరాలు ఆలస్యంగా అందుతాయి, అందినకొద్దీ లెక్క సరిచేస్తారు. ఆధార సంవత్సరం మారినప్పుడు కుదుపు ఇంకా పెద్దది: 2015 జనవరిలో 2011-12 శ్రేణి తెచ్చినప్పుడు 2013-14 వృద్ధి 4.7 నుంచి 6.9 శాతానికి మారింది. పాత, కొత్త శ్రేణులను అతికించేవారు రెండింటిలోనూ ఉన్న ఏడాదిలో మట్టాల నిష్పత్తి కట్టి పాతదాన్ని దానితో గుణించాలి. ఊరికే ఒకదాని కింద ఒకటి అంటించేస్తే అతుకు దగ్గర ఒక మెట్టు వస్తుంది. ఫిల్టర్ దాన్ని నిజమైన చక్రమనుకుని రెండు వైపులా మూడేళ్ల మేర పాకిస్తుంది.

ఇక నిరుద్యోగం. దీన్ని ఉత్పత్తి చక్రానికి అద్దంలా చూడడం మన దేశంలో కుదరదు. అమెరికాలో 1962లో ఆర్థర్ ఓకున్ నిరుద్యోగం ఒక పాయింటు పెరిగితే ఉత్పత్తి సుమారు 3 శాతం తగ్గుతుందని చూపాడు. ఆ సూత్రాన్ని మన అంకెల మీద వేస్తే తిరగబడుతుంది. పీఎల్‌ఎఫ్‌ఎస్ అనే కేంద్ర కార్మిక శక్తి సర్వే సాధారణ స్థితి లెక్కలో నిరుద్యోగం 2018-19లో 5.8 శాతం, 2019-20లో 4.8, 2020-21లో 4.2. దేశ ఉత్పత్తి కుంగిన ఏడాదిలో నిరుద్యోగం తగ్గింది! కారణం సర్వే తప్పు కాదు. పని పోయిన మనిషికి ఖాళీగా కూర్చునే స్తోమత లేదు. గాజువాకలో కాంట్రాక్టు పని ఆగితే శ్రీకాకుళం వైపు సొంతూరికి వెళ్లి అన్న పొలంలో చేయి వేస్తాడు. కూలి లేకపోయినా అది ఇంటి సేద్యంలో సాయం కనుక సర్వే లెక్కలో అతడు ఉద్యోగి. దేశంలో వ్యవసాయం మీద ఆధారపడ్డ పనివారి వాటా 2018-19లో 42.5 శాతం, 2020-21 నాటికి 46.5. చక్రం దిగిన ఆనవాలు ఇక్కడుంది, నిరుద్యోగ రేటులో లేదు. అందుకని మనం చూడాల్సినవి నాలుగు అంకెలు: పనిలో ఉన్నవారిలో వ్యవసాయపు వాటా, నెల జీతగాళ్ల వాటా, జీతం లేని ఇంటి సహాయకుల వాటా, వారంలో చేసిన పని గంటలు. నాలుగూ సర్వే నివేదికల్లోనే ఉంటాయి, శీర్షికలకు ఎక్కవు.

సాధారణ స్థితి, ప్రస్తుత వారం స్థితి అని రెండు కొలతలున్న సంగతి కూడా వార్తల్లో కలగాపులగమవుతోంది. మొదటిది గడిచిన ఏడాదిని చూస్తుంది. రెండోది గడిచిన ఏడు రోజులను చూస్తుంది, ఆ వారంలో ఏ ఒక్క రోజైనా ఒక గంట పని చేస్తే పనిలో ఉన్నట్టే. 2023-24 వార్షిక నివేదికలో 3.2 శాతం మొదటి కొలత. 2025 ఏప్రిల్‌కు 5.1, మేకు 5.6 అని వచ్చినవి రెండో కొలత. 3.2 నుంచి 5.6కు ‘ఎగబాకింది’ అంటే మీటర్లను అడుగులతో పోల్చినట్టే. పైగా 2025 జనవరి నుంచి నమూనా పద్ధతే మారింది. ఎంపికైన ఇంటికి వరుసగా నాలుగు నెలలు వెళతారు, నెలవారీ నివేదికలు 2025 ఏప్రిల్ నుంచే ఉన్నాయి. ఏప్రిల్ నుంచి మేకి అర శాతం పెరిగింది నిజమే. రబీ కోతలు ముగిసి, ఎండలు మండి, మనవైపు వేట ఆగిన నెల అది. అందులో సీజన్ ఎంత, చక్రం ఎంత అని చెప్పాలంటే ఎక్స్-13కు కనీసం మూడు పూర్తి సంవత్సరాలు కావాలి, నమ్మదగ్గట్టు రావాలంటే అయిదు. అంటే 2028 మార్చి అంకె చేతికొచ్చే దాకా నెలవారీ నిరుద్యోగ రేటును సీజన్ తీసి చూపడం సాధ్యం కాదు.

నమూనా తప్పిదం ఇంకో గండం. జిల్లా స్థాయికో, పదిహేనేళ్ల నుంచి ఇరవై తొమ్మిదేళ్ల వయసు వారికో అంకె విడదీసినప్పుడు ఇది పెద్దదవుతుంది. ఒక నమూనాలో పని చేసేవారు, పని కోరేవారు కలిపి 2,000 మంది ఉన్నారనుకుందాం. వారిలో 5 శాతం నిరుద్యోగులు. ఊరికే చీట్లు తీసినట్టు ఎంచుకుంటే ప్రామాణిక దోషం (నమూనా వల్ల అంకె అటూ ఇటూ ఊగే మేర) 0.49 పాయింట్లు. కానీ సర్వేలో ఒకే వీధి ఇళ్లు గుంపుగా వస్తాయి, అవి ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. అందుకు ఈ దోషాన్ని సుమారు 1.4 రెట్లు పెంచాలి, అంటే 0.7 వరకు. 95 శాతం నమ్మకంతో చెప్పగలిగింది 3.6 నుంచి 6.4 మధ్య అని మాత్రమే. కిందటిసారి 5, ఈసారి 6 వస్తే పెరిగిందని చెప్పే హక్కు మనకు లేదు. అవే ఇళ్లు మళ్లీ నమూనాలో ఉంటే మార్పును ఇంతకంటే బాగా కొలవొచ్చు, కొత్త పద్ధతిలో మెచ్చుకోదగ్గది అదే. ఒక నెల ఇళ్లలో నాలుగింట మూడు వంతులు తర్వాతి నెలలోనూ ఉంటాయి.

విశాఖ గురించి రాసేటప్పుడు ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి. 2014 జూన్ 2కు ముందు వెలువడిన రాష్ట్ర అంకెలు ఉమ్మడి రాష్ట్రానివి. 2022 ఏప్రిల్ 4 నుంచి పాత విశాఖపట్నం జిల్లా మూడైంది: విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు. 2021కి పాత జిల్లా అంకె, 2023కు కొత్త జిల్లా అంకె పక్కపక్కన పెడితే ‘విశాఖ ఆదాయం కుప్పకూలింది’, ‘తలసరి ఆదాయం దూసుకెళ్లింది’ అని రెండు వార్తలూ రాయొచ్చు, రెండూ తప్పే. పొలాలు, అడవి అటు పోయాయి, పోర్టు, రిఫైనరీ ఇటు మిగిలాయి. జిల్లా ఉత్పత్తి లెక్కల్లో చాలా రంగాలను రాష్ట్ర మొత్తంలోంచి కొన్ని సూచికల వాటాతో పంచుతారు కూడా. అలాంటి రంగాల్లో జిల్లా చక్రంగా కనబడేది చాలావరకు రాష్ట్ర చక్రం నీడే.

ఊరి చక్రం నిజంగా తెలుసుకోవాలంటే నెలనెలా వచ్చే భౌతిక అంకెలతో సొంత సూచిక కట్టుకోవాలి. రెండు పోర్టుల సరుకు టన్నులు, పరిశ్రమల హైటెన్షన్ విద్యుత్ యూనిట్లు, విమాన ప్రయాణికులు, వాహన రిజిస్ట్రేషన్లు చాలు. ఒక్కోదానికి లాగరిథమ్ కట్టి, సీజన్ తీసి, నెల మార్పును దాని ప్రామాణిక విచలనంతో (సగటు చుట్టూ ఊగే మేరతో) భాగించి, నాలుగింటి సగటు తీయాలి. భాగించకపోతే ఎక్కువ ఊగే అంకె మిగతావాటిని మింగేస్తుంది. విశాఖ పోర్టు సరుకు ఒక్కటే చూడొద్దు, నౌక పక్కనున్న గంగవరానికి మళ్లినా ఒకదానిలో పతనంలా కనబడుతుంది, అందుకే రెండూ కలపాలి. 2014 అక్టోబరు 12 హుద్‌హుద్ తుఫాను నెలకు విడిగా డమ్మీ (ఆ నెలకు 1, మిగతా నెలలకు 0 ఉండే కాలమ్) పెట్టాలి. స్టీల్ ప్లాంటులో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ మూడు బ్లాస్ట్ ఫర్నేసుల్లో ఒకటి ఆగితే సరుకు, విద్యుత్ రెండూ మెట్టులా దిగుతాయి. అది ఫర్నేసు కథ, ఊళ్లో గిరాకీ కథ కాదు. జీఎస్టీ వసూళ్లను కలపాలనుకుంటే 2025 సెప్టెంబరు 22న రేట్లు తగ్గిన సంగతి మరవొద్దు. అక్కడ అతుకు వేయకుండా అటూ ఇటూ పోల్చలేం.

మలుపును ప్రకటించడంలో తొందర ఎందుకు పనికిరాదో అమెరికాను చూస్తే తెలుస్తుంది. అక్కడ మాంద్యాల తేదీలు తేల్చే కమిటీ 2020 ఏప్రిల్‌లో ఆర్థిక వ్యవస్థ అడుగు తాకిందని 2021 జూలై 19న గానీ ప్రకటించలేదు. మన కంటే ఎంతో పొడవైన, నెలనెలా సీజన్ తీసిన అంకెలు చేతిలో పెట్టుకునే పదిహేను నెలలు ఆగింది.

మీ పత్రికను మేము అడిగేవి పెద్ద పనులు కావు. జీడీపీ వార్త వేసినప్పుడు శాతం పక్కన లక్షల కోట్ల మట్టాన్ని, రెండేళ్ల కిందటి మట్టాన్ని వేయండి. అది ఏ అంచనా, ముందస్తా, తాత్కాలికమా, సవరించినదా అన్నది శీర్షిక కిందే రాయండి. సవరణ వచ్చినప్పుడు మొదటి అంకెను వేసినంత చోటు దానికీ ఇవ్వండి. ఎవరైనా నిపుణుడు ‘ఉత్పత్తి లోటు ఇంత’ అంటే ఏ ఫిల్టర్, ఏ లామ్డా, చివరి త్రైమాసికాలను ఏం చేశారు అని మీ విలేకరి అడగాలి. జవాబు రాకపోతే ఆ అంకెను వేయకండి. నెలవారీ నిరుద్యోగ రేటును కిందటి నెలతో కాక కిందటేడు అదే నెలతో, అదే కొలతతో పోల్చండి. జిల్లాల అంకె ఇస్తే దోష పరిధి కూడా ఇవ్వండి. అది లేకుంటే ఆ అంకెను రాష్ట్ర స్థాయిలోనే వాడండి. పైన చెప్పిన దీపావళి, అధిక మాసాల కాలమ్‌లను 2011 నుంచి 2030 వరకు పట్టికగా వేసి ఇవ్వడానికి మేము సిద్ధం. మీ బిజినెస్ డెస్క్ అడిగిన వారంలోపు పంపుతాం.

ఇట్లు,
ఆర్థిక గణాంకాల అధ్యాపకులం కొందరం,
విశాఖపట్నం